బాత్‌రూమ్‌లో నీళ్లు నిలిచిపోతున్నాయి: టైల్స్ పగలగొట్టక తప్పదా?

ప్రశ్న (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మాది పన్నెండేళ్ల కిందట కట్టిన ఇల్లు. నెల రోజులుగా కింది బాత్‌రూమ్‌లో స్నానం చేసిన నీళ్లు పాదాలు మునిగేదాకా నిలిచి, పది నిమిషాలకు గానీ పోవడం లేదు. అదే గదిలోని వాష్‌బేసిన్ నీళ్లు మాత్రం బాగానే పోతున్నాయి. తాగడానికి భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా, స్నానానికి బోరు నీళ్లే వాడుతున్నాము. మా అమ్మగారు తలకు కుంకుడుకాయ రసమే పోసుకుంటారు. యాసిడ్ రెండుసార్లు పోశాను. ఒక రోజు బాగుండి మళ్లీ మొదటికి వచ్చింది. టైల్స్ తీసి పైపు మార్చాలని ఒక ప్లంబర్ చెప్పారు. అంతకుముందు మేము చూసుకోదగినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు (మిర్యాలగూడ, ప్లంబింగ్ పనిలో ఉన్నాను)

అడ్డు ఎక్కడ ఉందో తేలకుండా పగలగొట్టడానికి ఒప్పుకోకండి. ముందుగా ఇంటి బయట ఉన్న ఛాంబర్ మూత తీయించి, బాత్‌రూమ్‌లో రెండు బకెట్ల నీళ్లు ఒక్కసారిగా పోయించండి. ఛాంబర్ అప్పటికే నిండి ఉంటే అడ్డు బయటి లైన్‌లో ఉన్నట్టు. ఛాంబర్ ఖాళీగా ఉండి నీళ్లు సన్నని ధారగా వస్తుంటే అడ్డు లోపలే ఉంది. మీ బేసిన్ పైపు నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో జాలీ కింద కొంత నీరు నిలిచి ఉండే గుంట) దాటిన తరువాత లైన్‌లో కలిసి ఉంటే, ఆ నీళ్లు సాఫీగా పోతున్నాయి కనుక, అడ్డు ఆ ట్రాప్‌లోనే ఉండాలి.

జాలీ ఎత్తితే లోపల బోర్లించిన చిన్న గిన్నె కనిపిస్తుంది. చాలామంది జాలీ కడుగుతారు గానీ ఆ గిన్నెను ఎన్నడూ తీయరు. వెంట్రుకలు, కుంకుడు పిప్పి, సబ్బు తెట్టు కలిసి దాని కిందే ముద్ద కడతాయి. యాసిడ్ పోశానన్నారు కాబట్టి ముందు నీళ్లు బాగా పోసి, మందమైన రబ్బరు తొడుగులు వేసుకుని, కొన వంచిన తీగతో ఆ ముద్దను పైకి లాగండి, లోపలికి నెట్టకండి. పని అయ్యాక గిన్నెను మళ్లీ పెట్టడం మరువకండి. వాసనను, బొద్దింకలను ఆపేది దాని చుట్టూ నిలిచే నీరే.

జవాబు (మహబూబ్‌నగర్, రసాయన శాస్త్రం బోధిస్తాను)

యాసిడ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా పేరుకుంటాయి. (మన జిల్లాల్లో ప్రతిదానికీ ఫ్లోరైడ్‌నే తప్పుపడతాము గానీ, ఈ తెట్టుకు కారణం అది కాదు, నీటి కఠినత్వం.) యాసిడ్ పోస్తే ఆ తెట్టు కొవ్వు ముద్దగా మారి పైపులోనే మిగులుతుంది, వెంట్రుకల చిక్కు కూడా అలాగే ఉండిపోతుంది. పైగా టైల్స్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది. యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కాస్టిక్ సోడా వెంట్రుకలను కరిగించగలదు గానీ, యాసిడ్ ఉన్న చోట వేస్తే విపరీతంగా వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది. మరిగే నీళ్లు కూడా పోయకండి, పీవీసీ పైపు మెత్తబడుతుంది.

జవాబు (దేవరకొండ)

మా ఇంట్లో ట్రాప్ శుభ్రం చేసినా పోలేదు. చూస్తే పైపు వాలు సరిగా లేదు. నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున అయినా వాలు ఉండాలని మేస్త్రీ చెప్పారు. అక్కడ మాత్రం పగలగొట్టక తప్పలేదు.

ప్రశ్న అడిగినవారు

ఛాంబర్ ఖాళీగానే ఉంది. గిన్నె కింద పిడికెడు వెంట్రుకల ముద్ద, అందులో చిక్కుకున్న రెండు కుంకుడు గింజలు, ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ల ఒకటి బయటపడ్డాయి. ఇప్పుడు బకెట్ నీళ్లు పోస్తే వెంటనే పోతున్నాయి. ఇకమీదట రసాన్ని పెరట్లోనే గుడ్డతో వడకట్టి తెస్తానని అమ్మగారు అన్నారు. అయితే గిన్నె అంచు విరిగి ఉంది, అది విడిగా దొరుకుతుందా?

జవాబు (మిర్యాలగూడ)

పాతదాన్ని వెంట తీసుకుని శానిటరీ సామాను దుకాణానికి వెళ్లండి. కొలతలు రకరకాలుగా ఉంటాయి కాబట్టి పక్కన పెట్టి చూసుకునే కొనండి. దొరికేదాకా విరిగినదాన్నే ఉంచండి, తీసి పారేయకండి.