నాన్నతో వీలునామా మాట ఎప్పుడు ఎత్తాలి?

తెనాలి అబ్బాయి:
నాన్నకి 72, రిటైర్డ్ టీచర్. పోయినేడు స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. 1994లో లోన్ పెట్టి తన జీతంతో కట్టుకున్న ఇల్లు, కొన్ని డిపాజిట్లు, అంతే ఆస్తి. వీలునామా లేదు. అన్నయ్య బెంగళూరు, చెల్లి నెల్లూరు, నేను హైదరాబాద్. అందరం కలిసేది సంక్రాంతికే కదా అని మొన్న కనుమనాడు భోజనాల దగ్గర నేనే కదిపాను. "నాన్నా, ఇంటి సంగతి ఒక కాగితం మీద పెడితే బాగుంటుందేమో" అన్నానో లేదో, చేతిలో గారె ముక్క విస్తట్లో పడేసి "పోయే తేదీ కూడా మీరే చెప్పండిరా" అని లేచి చెయ్యి కడిగేసుకున్నారు. చెల్లి వాళ్ళాయన తల దించుకుని కూర్చున్నాడు, అమ్మ కూర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పట్నించీ ఫోన్‌లో ఊ, ఆ తప్ప మాట లేదు. తప్పు నేనన్న మాటదా, అన్న టైముదా?

కాకినాడ కాజా:
టైముదే. ఇంకా చెప్పాలంటే చుట్టూ ఉన్న మనుషులది. అల్లుడూ కోడళ్ళూ కూర్చున్న పంక్తిలో ఆ మాట వస్తే ఏ పెద్దాయనకైనా పరువు పోయినట్టే. నేనూ మా నాన్న దగ్గర రెండేళ్ళు అన్నీ తప్పుడు వేళలే ఎంచుకున్నాను, రాత్రి వార్తలు చూసి చిరాకులో ఉన్నప్పుడు, ఫోన్‌లో, ఓసారైతే ఊరెళ్ళే బస్సు ఎక్కబోతూ. చివరికి కుదిరింది ఎప్పుడంటే, ఒక ఉదయం కాఫీ, పేపరు అయ్యాక ఇద్దరం అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నప్పుడు. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మాట మధ్యలో ఆగినా చేతిలో పని ఉంది. వీలునామా అన్న పదమే ఎత్తలేదు, "ఇంటి పన్ను ఇంకా తాతయ్య పేరు మీదే వస్తోందేంటి నాన్నా" అన్నాను. ఆయనే లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి దస్తావేజులు తెచ్చి, మధ్యాహ్నం దాకా ఒక్కో కాగితం కథ చెప్పారు. ఆ రోజు నేనేం అడగలేదు, పది రోజులకి ఆయనే అడిగారు. ఇంకోటి, మీ ఇంట్లో పట్టింపు ఉంటే వర్జ్యం, మూఢం కూడా చూసుకోండి, మీకు నమ్మకం లేకపోయినా సరే. "అమావాస్య పూట ఈ మాటలేంటి" అన్నారంటే ఇక ముందుకు సాగదు.

పాత గుమాస్తా:
బాబూ, ప్లీడరు గుమాస్తాగా చాలా ఇళ్ళ గొడవలు చూశాను. మీ నాన్నగారికి వీలునామా అంటే చావు కాగితం అనిపిస్తోంది. అది బతికున్నంతకాలం అమల్లోకి రాదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఇల్లు ఆయనదే. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. వాటా వచ్చేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి. ఇక అసలు సంగతి, అది రాయకపోతే ఆ ఇల్లు మీ అమ్మగారికీ మీ ముగ్గురికీ నాలుగు సమాన వాటాలవుతుంది, నాయనమ్మగారు ఉంటే ఐదు. అంటే రేపు మీ అమ్మగారు తను కాపురం చేసిన ఇంట్లోనే పావు వాటాదారు. పిల్లల పంపకం అని మొదలుపెట్టకుండా, అమ్మకి ఏ ఇబ్బందీ రాకూడదని మొదలుపెట్టండి.

ఓరుగల్లు:
అందరూ మంచి టైమ్ చూడమంటున్నారు, నేను మాత్రం ఒప్పుకోను అన్నా. మేం అలాగే చూశాం. బతుకమ్మకి అనుకున్నాం, చెల్లె పెళ్ళి అయ్యాక అనుకున్నాం, ఈలోపు బాపుకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆస్పత్రి బెడ్ పక్కన నిలబడి ఏం అడుగుతాం? పోయాక డిపాజిట్లకి నామినీగా మా అన్న పేరుంది కాబట్టి మొత్తం తనదే అనుకున్నాడు. నామినీ అంటే బ్యాంకు నుంచి తీసుకునేవాడే గానీ హక్కుదారు కాదని తెలిసేసరికి అక్కకీ వాడికీ మాటల్లేవు. పండగ దాకా ఆగకు, ఏదో ఒక మామూలు శనివారం ఒక్కడివే వెళ్ళు. వదిన్ని తీసుకెళ్ళకు, పాపం ఆమె నోరు విప్పకపోయినా కోడలే చెప్పించిందంటారు.

తెనాలి అబ్బాయి:
అందరికీ థాంక్స్ అండి. పోయిన శనివారం ఒక్కడినే వెళ్ళాను. పెరట్లో మల్లె పందిరికి కట్లు వదులైతే ఇద్దరం కడుతున్నాం, నాన్న నిచ్చెన మీద, నేను కింద పురికొస అందిస్తూ. గుమాస్తా గారు చెప్పినట్టు, అమ్మకి పావు వాటాయే వస్తుందన్న సంగతి నాన్నకి చెప్పాను. ఏం మాట్లాడలేదు. నాలుగు ముళ్ళు వేశారు. దిగి కాళ్ళు కడుక్కుని, అమ్మ ఇచ్చిన టీ సగం తాగాక అడిగారు, "సాక్షులు నాకంటే చిన్నవాళ్ళై ఉండాలి కదరా, ముందే వాళ్ళు పోతే ఎలా?" ఎదురింటి మాస్టారు గారిని అడుగుదామా అన్నాను. "వాడికి 75, ఇంకెవరినైనా చూడు" అన్నారు. ఇప్పుడు చూస్తున్నాను.