సమస్యాపూరణం: చీమ బరువు మోయఁ జెఱువు నిండె

నిర్వాహకుడు (విజయనగరం): మృగశిర దాటి ఆరుద్ర కార్తె వచ్చింది, మా వైపు ఇంకా ఉక్కపోతే. అందుకే ఈసారి వాన జాడల మీద సమస్య. ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. చీమ ఎంత, చెరువెంత! ఆ రెంటికీ లంకె మీరే వెయ్యాలి.

పాలకొండ మాస్టారు:
గుడ్లు నోటఁ బట్టి గూడు వీడి కదలి
గోడ కెగయు బారుఁ గూర్మిఁ జూచి
తాత విత్తుఁ జల్లెఁ దడిసె మూఁడవనాఁడె
చీమ బరువు మోయఁ జెఱువు నిండె

నిర్వాహకుడు: యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన అక్షరాలు) కుదిరాయి మాస్టారూ. చీమలు గుడ్లతో మెరక ఎక్కితే వాన దగ్గరపడ్డట్టేనని పల్లెల్లో పెద్దలు అనే మాటనే పట్టుకున్నారు. మూడో పాదమే తేలిపోయింది. తడిసింది తాతా, విత్తా? ‘తాత విత్తుఁ జల్లె దండివాన గురిసె’ అంటే యతి చెడదు, చెరువు నిండేంత వానా పడుతుంది. ‘కూర్మి’ యతి కోసమే వచ్చింది. చీమల బారు మీద తాతకి అంత ప్రేమ దేనికి?

ఉద్దానం కుర్రాడు:
వాయుగుండ మొచ్చి వంశధార పొరలె
కొట్టె నెల్లరేయి కొబ్బరులను
వట్టి మాట చాలు వద్దు చెప్పకుఁ డిట్లు
చీమ బరువు మోయఁ జెఱువు నిండె

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందుగా చెప్పింది వాతావరణ శాఖ, చీమలు కాదు.

పాలకొండ మాస్టారు: బాబూ, చీమని అడిగేది రేపో ఎల్లుండో పడే వాన గురించి. తుపాను సంగతి దాన్నెవరడిగారు? చంద్రుడి చుట్టూ గుడి, అంటే వెలుగు వలయం, కట్టినా అంతే. ‘దూరపు గుడి దగ్గర వాన’ అన్నారు. బాగా ఎత్తున ఉండే పల్చటి మబ్బులో మంచు పలుకుల గుండా వెలుగు వంగితే ఆ గుడి కనిపిస్తుంది. దాని వెనకే ఒక్కోసారి వాన మబ్బు వస్తుంది. ఒక్కోసారే సుమా.

ఉద్దానం కుర్రాడు: పుట్ట కదిపినా చీమలు గుడ్లు మోస్తాయి మాస్టారూ.

పాలకొండ మాస్టారు: ఆ ముక్క పద్యంలో పెట్టు, చూద్దాం.

నిర్వాహకుడు: ‘మొచ్చి’ గ్రామ్యం, ‘మెగసి’ అనండి. సమస్యని కొట్టిపారేస్తూ పూరించడం పాత ఎత్తే. కానీ కొబ్బరుల పాదం గుండెకి తగిలింది.

పొందూరు సభ్యురాలు:
తట్ట నెత్తికెత్తి తల్లులెల్ల నడువ
పూడికంతఁ దీసి పొలముఁ జేర్ప
తొలకరించు వాన తూముఁ దాఁకెను నేఁడు
చీమ బరువు మోయఁ జెఱువు నిండె

నిర్వాహకుడు: అమ్మా, ఇదీ పూరణ అంటే! ఉపాధి హామీ పనికెళ్లే ఆడవాళ్లే ఇక్కడ చీమలు. కూలీ అన్న మాట ఎక్కడా రాలేదు, చక్కటి పోలిక. అయితే పొలాలకి నీరు వదిలే తూము ఉండేది అడుగున కదా. అక్కడికి నీరు చేరితే చెరువు నిండినట్టు కాదు, నిండాక నీరు పొర్లిపోయే అలుగు తాకాలి. ‘అదను వాన గురిసి యలుగుఁ దాఁకెను నీరు’ అంటే?

పొందూరు సభ్యురాలు: మార్చేశానండి. ‘తూము’ వదలాలంటే మాత్రం కష్టంగానే ఉంది.

నిర్వాహకుడు: శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు, గూడబాతులు దిగితే ఆ ఏడు పంటకి ఢోకా లేదని అక్కడివాళ్ల నమ్మకం. వచ్చే వారం సమస్య దాని మీదే, మళ్లీ ఆటవెలదిలోనే: ‘కొంగ వచ్చె నంచుఁ గొడుగుఁ బట్టె’.