పద్యం చివర రాగం తీయగానే కాలర్ మైకులో గొంతు పగిలిపోతోంది

మాది తెనాలిలో చందాలతో నడుపుకునే చిన్న పద్యనాటక సమాజం. వచ్చే నెల రాయబారం సీను వేస్తున్నాం. హాలు 300 సీట్లది. హార్మోనియం నాలుగు శ్రుతి, కుడి వింగ్ పక్కనే ఉంటుంది.

మాటలు, పద్యపాదాలు చక్కగా వినిపిస్తున్నాయి. చివరి పాదం అయ్యాక తారస్థాయిలో రాగం అందుకోగానే స్పీకర్లలో గొంతు బరబరమంటోంది. కృష్ణుడికీ, ధర్మరాజుకీ ఇద్దరికీ ఇంతే. అప్పుడు నడుముకి కట్టిన ట్రాన్స్‌మిటర్ మీద శబ్దం మితిమీరితే వెలిగే ఎర్ర లైటు వెలుగుతోంది, మిక్సర్‌లో మాత్రం వెలగడం లేదు.

మైకు ఛాతీ మీద ఉంటే హారాల పూసలు గీసుకుని గరగరలాడుతోందని కిరీటం అంచు కింద నుదుటికి మార్చాం. గరగర పోయింది, పగలడం పోలేదు. ట్రాన్స్‌మిటర్ గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలనే సెట్టింగు) 10 డీబీ తగ్గిస్తే రాగం శుభ్రంగా వచ్చింది, కానీ మాటలు వెనక వరసలకి అందలేదు. మిక్సర్‌లో పెంచితే స్పీకర్లలో కూత (ఫీడ్‌బ్యాక్) మొదలైంది. పెద్ద శబ్దాలను అణిచే కంప్రెసర్‌ను 4:1 నిష్పత్తిలో పెట్టి చూస్తే నటుడు ఊపిరి తీసుకునే సందులో హార్మోనియం ఉబ్బెత్తున లేస్తోంది. స్టేజీ అంచున నేల మైకులు పెడితే గజ్జెలు, అడుగుల చప్పుడే ఎక్కువ.

రాగం తగ్గించి పాడమని మా పెద్ద నటులను అడగను. పద్యనాటకానికి జనం వచ్చేదే ఆ రాగం కోసం, వన్స్‌మోర్లు పడేదీ అక్కడే.

పద్యనాటకాలకు సౌండ్ చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: మాటలు వినబడుతూనే రాగం పగలకుండా ఉండాలంటే ట్రాన్స్‌మిటర్ గెయిన్, కంప్రెసర్ ఎంతెంతలో పెట్టాలి?