బయటి కాల్ 32 సెకన్లకే తెగిపోతోంది: డెస్క్ ఫోన్ల అనుభవం ఉన్నవారు చెప్పండి

కృష్ణలంక:
మా ఆఫీసులో పాత ఎక్స్ఛేంజి తీసేసి నెట్‌వర్క్ మీద కాల్స్ కలిపే ‘సిప్’ పద్ధతి డెస్క్ ఫోన్లు 18 పెట్టాం. లోపల ఒకరితో ఒకరం మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. బయటి నుంచి కాల్ వస్తే రెండు వైపులా మాట చక్కగా వినిపిస్తుంది, అర నిమిషం దాటీదాటగానే తెగిపోతుంది. వాచీ దగ్గర పెట్టుకుని చూశాను, ప్రతిసారీ 32 సెకన్లే. వారం రోజులుగా కస్టమర్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాం.

తీగలపని:
ఆ 32లోనే జబ్బు దొరుకుతుందండి. ఫోను ఎత్తగానే మీ కాల్స్ నడిపే సర్వరు, ఎత్తారని చెప్పే ‘200 ఓకే’ సందేశం అవతలికి పంపుతుంది. అందిందని అవతలివారు ‘ఆక్’ పంపాలి. అది రాకపోతే మీ సర్వరు అర సెకను ఆగి, సెకను ఆగి, రెండు సెకన్లు ఆగి, ఆపైన నాలుగేసి సెకన్లకొకసారి అదే సందేశం మళ్లీ పంపుతుంది. 32 సెకన్లు నిండాక కాల్ ముగించేస్తుంది. సిప్ నియమాలు రాసిన 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3261 పత్రంలోనే ఈ గడువు ఉంది. జవాబు ఎక్కడికి పంపాలో చెబుతూ మీ సర్వరు పంపే ‘కాంటాక్ట్’ వరుసలో 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా ఉందేమో చూడండి. గది నంబరు రాసి ఊరి పేరు రాయకపోతే జవాబు ఎక్కడికి వస్తుంది? నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాలను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాంలో ఒక్క కాల్ పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఉప్పల్ నాలుగో అంతస్తు:
రౌటర్‌లో సిప్ సందేశాలను దిద్దే ‘సిప్ ఏఎల్‌జీ’ సెట్టింగు ఉంటే ముందు ఆపండి. సాయానికి పెట్టినదే అయినా, మా రౌటర్‌లో అది సందేశంలోని చిరునామాలను కొన్ని మార్చి కొన్ని వదిలేసేది. నాలుగు రోజులు దానికే పోయాయి.

పాత ఎక్స్ఛేంజి:
మాకు కాల్ తెగలేదు గాని, అవతలివారి మాట మాకు వినిపించేది కాదు. ఫైర్‌వాల్‌లో సిప్ వాడే 5060 పోర్టు తెరిచి పని అయిపోయిందనుకున్నాం. సిప్ కాల్‌ను కలపడం, ముగించడం వరకే చూస్తుంది. గొంతు వెళ్లేది ఆర్‌టీపీ అనే వేరే పద్ధతిలో, వేరే పోర్టుల మీద. గొంతును అంకెలుగా మార్చే కోడెక్‌లలో ఒకటైన జీ.711లో సాధారణంగా 20 మిల్లీసెకన్లకొక ముక్క, అంటే ఒక్కో వైపు సెకనుకు 50 ప్యాకెట్లు. మా సర్వరులోని ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టులు 10000 నుంచి 20000 దాకా. వాటిని తెరిచాక గొంతు వచ్చింది. ఒక్క మాట, దయచేసి 5060ను లోకమంతటికీ తెరవకండి, సర్వీసు ఇచ్చేవారి ఐపీలకే తెరవండి. లేకపోతే రాత్రిపూట ఎవరో మీ పాస్‌వర్డ్ ఊహించి విదేశాలకు కాల్స్ చేస్తారు, బిల్లు మీరు కట్టాలి.

పటాన్‌చెరు:
వాడిన ఫోన్లు కొనేవారు ప్రొటోకాల్ (సిప్ లాంటి కాల్ పద్ధతి) ఏదో అడిగి కొనండి. సిస్కో పాత ఫోన్లు చాలావాటిలో ‘స్కిన్నీ’ అనే ఆ కంపెనీ సొంత ప్రొటోకాల్ ఉంటుంది. సిప్ ఫర్మ్‌వేర్ (ఫోను లోపలి సాఫ్ట్‌వేర్) దొరికే మోడలైతేనే తీసుకోండి.

కృష్ణలంక:
అందరికీ కృతజ్ఞతలు. ఏఎల్‌జీ ఆపినా తేడా రాలేదు. వైర్‌షార్క్‌లో చూస్తే ‘200 ఓకే’ పదకొండు సార్లు వెళ్లింది, ఆక్ ఒక్కటీ లేదు. కాంటాక్ట్‌లో 192.168.1.20 ఉంది. తీగలపని గారు చెప్పిందే నిజం. సర్వరు సెట్టింగుల్లో మా బయటి ఐపీ రాశాక మొదటి కాల్ ఏడు నిమిషాలు నడిచింది, గదిలో అందరం ఆ ఫోను చుట్టూనే నిలబడి ఉన్నాం. ఇంకొక్కటి మిగిలింది. బ్యాంకు నంబరుకు చేసి అంకెలు నొక్కితే అవతల అందడం లేదు.

తీగలపని:
నొక్కిన అంకె గొంతుతో కలిసి వెళుతున్నట్టుంది. జీ.729 లాంటి కుదించే కోడెక్‌లో ఆ స్వరం చెదిరిపోతుంది. ఫోనులోనూ సర్వరులోనూ నొక్కిన అంకెలు పంపే ‘డీటీఎంఎఫ్’ పద్ధతిని, అంకెను గొంతుతో కలపకుండా పంపే ఆర్‌ఎఫ్‌సీ 2833కు మార్చండి. కొన్ని మోడళ్లలో అదే 4733 అని కనిపిస్తుంది.