ఇంట్లో చేసుకొనే ఆటలతో నాలుగేళ్ళ పాపకు తెలుగు అక్షరాలు ఎలా నేర్పాలి?

ప్రశ్న (పుణె నుంచి ఒక తల్లి):

నమస్కారం. మేము పుణెలో ఉంటున్నాము. మా పాపకు నాలుగేళ్ళు నిండాయి. బడిలో ఆంగ్ల అక్షరాలు నేర్పుతున్నారు, ఇరుగుపొరుగు పిల్లలతో హిందీ, మరాఠీ కలిపి మాట్లాడుతుంది, తెలుగు మాత్రం ఇంట్లో మా ఇద్దరితోను, ఫోనులో అమ్మమ్మ తాతయ్యలతోను మాట్లాడుతుంది. మాట ధారాళంగానే వస్తోంది కాబట్టి అక్షరాలు కూడా ఇప్పుడే మొదలుపెట్టాలని ఉంది. అక్షరమాల పటం కొని గోడకు తగిలిస్తే "అ అమ్మ, ఆ ఆవు" అని గడగడా అప్పజెప్పేస్తోంది గాని, అదే "ఆ"ను విడిగా కాగితం మీద రాసి చూపితే పోల్చుకోలేకపోతోంది. ఫోనులోని ఆటలు వద్దనుకుంటున్నాము. ఇంట్లో ఉన్న వస్తువులతో ఎలాంటి ఆటలు ఆడించవచ్చో, ఏ అక్షరాలతో మొదలుపెట్టాలో, గుణింతాల దాకా ఎలా తీసుకువెళ్ళాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, తెనాలి):

అమ్మా, బొమ్మ పక్కన అక్షరం ఉన్నంతకాలం పిల్ల చదివేది బొమ్మనే. అందుచేత ఆ పటాన్ని కొంతకాలం తీసి పక్కన పెట్టి, ముందు చెవికి పని చెప్పే ఆటలు ఆడించండి. "పలక" అన్నప్పుడు మూడు చప్పట్లు, "అమ్మ" అన్నప్పుడు రెండు, "కుందేలు"కు మూడు. లేదా గచ్చు మీద సుద్దతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, మాటలో ఎన్ని అక్షరాలు వినబడితే అన్ని గళ్ళు గెంతమనండి. ఆ తరువాత ఒక గుడ్డ సంచిలో గవ్వ, గరిటె, పలక, పటిక ముక్క వంటివి వేసి, చేతికి అందినదాన్ని పైకి తీసి పేరు చెప్పి, "గ"తో మొదలయ్యేవి ఒక పళ్ళెంలో, "ప"తో మొదలయ్యేవి మరొక పళ్ళెంలో పెట్టించండి. ఆంగ్లంలో అక్షరం పేరు ఒకటి, అది పలికే ధ్వని మరొకటి కావడం వల్ల అక్కడి ఆటలలో చాలా శ్రమ ఆ రెంటినీ ముడివేయడానికే పోతుంది. మనకు ఆ బెడద లేదు.

అక్షరాలను అచ్చుల నుంచి వరుసగా మొదలుపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. ఆ వరుసలో వెళితే పిల్లకు రోజూ కనబడే "క", "ప"ల కన్నా ముందు "ఋ" ఎదురవుతుంది, దానితో ఆమె ఆడుకోగల మాట ఒక్కటీ ఉండదు. ప, ల, క, త, గ, డ అనే ఆరింటితో మొదలుపెట్టి చూడండి. వీటితోనే పలక, తల, కల, గడప, తలగడ అనే మాటలు వచ్చేస్తాయి. ఈ మాటలను చీటీల మీద పెద్దగా రాసి ఇస్తే పాప పరుగెత్తుకుంటూ వెళ్ళి గడప మీద ఒకటి, తలగడ మీద ఒకటి, పలక మీద ఒకటి పెడుతుంది, బొమ్మ అవసరమే ఉండదు. "ప"తో పాటు "వ", "మ", "య"లను మాత్రం ఒకేసారి చూపవద్దు. ఒకటి బాగా కుదిరాక రెండోది చూపితే తికమక తగ్గుతుంది.

మరియా మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలు వేలితో తడుముతూ ధ్వనిని పలుకుతారు. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, మన దేశంలోనూ ఆ అక్షరాలు వాడుకలో ఉన్నాయి. ఇంట్లో అయితే అట్టముక్క మీద జిగురుతో అక్షరం రాసి బొంబాయి రవ్వ చల్లి ఆరబెడితే సరిపోతుంది. అక్షరాభ్యాసం నాటి బియ్యం పళ్ళెం కూడా ఇందుకు పనికివస్తుంది, దాన్ని ఒక్కరోజు ముచ్చటతో అటక ఎక్కించడం ఎందుకో నాకు అర్థం కాదు. చింతగింజలు, శనగలు పేర్చే ఆటలు మంచివే గాని, పిల్లలు వాటిని ముక్కులోనో నోట్లోనో పెట్టుకొనే ప్రమాదం ఉంది కాబట్టి పక్కనే కూర్చోండి.

సమాధానం (హైదరాబాదు నుంచి ఒక తండ్రి):

పై మాటలతో ఏకీభవిస్తూ గుణింతాల గురించి చెబుతాను. పాత శుభలేఖల అట్ట దళసరిగా ఉంటుంది, వెనుకవైపు ఖాళీగా ఉన్నవాటిని కత్తిరించి మా అబ్బాయికి ముక్కలు చేశాను. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. "గ" మీద గుడి పెడితే తలకట్టు పోయి దాని స్థానంలో గుడి వస్తుంది కదా. అందువల్ల తలకట్టుతో సహా రాసిన "గ" ముక్క మీద గుడి ముక్కను పెడితే రెండూ కనబడి పిల్లవాడు గందరగోళపడతాడు. కాబట్టి అక్షరం ఒంటిని విడిగా గీసి, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం ముక్కలను విడివిడిగా చేసుకోవాలి. తలకట్టు తీసి గుడి పెట్టగానే "గ" కాస్తా "గి" అయిందని పిల్లవాడే తన చేత్తో కనిపెడతాడు. గ, ర, త, ద, క లతో మొదలుపెట్టండి. "మి", "యి"లలో గుడి రూపం మారుతుంది, "పు", "వు"లలో కొమ్ము వేరుగా కుదురుతుంది కనుక వాటిని చివరికి వదిలేయండి.

తలకట్టు ఉన్నవాటిని ఒక వరుసలోను, లేని ఖ, జ, ట, ణ, బ, ల వంటివాటిని మరొక వరుసలోను పేర్పించడం కూడా మంచి ఆటే. పేరు తెలియని అక్షరాన్ని సైతం ఆకారాన్ని బట్టి పరిశీలనగా చూడడం దీనివల్ల అలవాటవుతుంది.

సమాధానం (డాలస్ నుంచి):

వరుసను పూర్తిగా పక్కన పెట్టమనడం నాకు సమ్మతం కాదు. మా వారాంతపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలలో చాలామందికి గడప, తలగడ అన్న మాటలే తెలియవు. అటువంటివారికి "అ ఆ ఇ ఈ" పాట ఒక్కటే చేతికి దొరికే ఆధారం, పైగా నిఘంటువు చూడాలంటే రేపైనా ఆ వరుస కావలసిందే. అయితే పాటను పాటగానే ఉంచి, గుర్తుపట్టే ఆటలు వేరుగా ఆడిస్తాము. అక్షరాల చీటీలు జతలుగా చేసి బోర్లించి, ఒక్కొక్కసారి రెండేసి తిప్పుతూ జత కలిపే ఆట మా పిల్లలకు బాగా ఇష్టం. నాలుగైదు జతలకు మించి పెడితే మాత్రం ఈ వయసువారు విసిగిపోతారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు. పెన్సిలుతో ఎప్పుడు రాయించాలి? బడిలోని ఆంగ్ల అక్షరాలు, ఈ అక్షరాలు కలిసిపోయి ఇబ్బంది అవుతుందా?

సమాధానం (ఉపాధ్యాయురాలు, తెనాలి):

డాలస్ వారి మాట వారి పిల్లల విషయంలో సరైనదే. మీ పాపకు మాటలు ఉన్నాయి కాబట్టి మాటల నుంచే వెళ్ళమన్నాను. పెన్సిలుకు తొందరలేదు. చపాతీ పిండిని తాడులా చేసి "ర", "ల" చుట్టించడం, తడి కుంచెతో గచ్చు మీద పెద్దగా గీయించడం, సుద్దతో రాయించడం ఇప్పటికి చాలు. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఆట ద్వారానే చదువు సాగాలని చెబుతోంది. అక్షరాలు కలిసిపోతాయన్న భయం అక్కరలేదు గాని, ఒకే చీటీ మీద రెండు లిపులూ రాయకండి.

ఒక విషయం ముందే తెలిసి ఉండడం మంచిది. కన్నడ లిపి నేర్చుకొనే పిల్లలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఆంగ్ల అక్షరాలకు పట్టేదానికన్నా చాలా ఎక్కువ కాలం పడుతుందని, ఒకటో తరగతితో అది ముగియదని తేలింది. గుణింతాలు, ఒత్తులు మనకూ అలాగే ఉన్నాయి కాబట్టి, బడిలో ఇరవై ఆరు అక్షరాలు ముగిసిన నాటికి ఇంట్లో ఇంకా పది అక్షరాల దగ్గరే ఉన్నామని మీరు కంగారుపడవద్దు. రోజుకు పది నిమిషాలు ఆడించండి, పాప ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే ఆపండి. ముందుగా ఆమె పేరును, అందులో ఒత్తు ఉన్నా సరే, పెద్దగా రాసి ఆమె కంచం దగ్గర, చెప్పుల దగ్గర అంటించండి.