సమ్మె వార్తను యువకుల చేత ఎలా చదివించాలి?

మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఇక్కడి గ్రానైట్ క్వారీలలో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుర్రవాళ్లతో ఆదివారాలు పత్రికలు చదివిస్తుంటాను. నావి వామపక్ష భావాలు. ఆ సంగతి వారికి ముందే చెప్పాను.

2025 జూలై 9న, పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన లేబర్ కోడ్‌లకు వ్యతిరేకంగా కేంద్ర కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేసినప్పుడు, మేము చూసిన ఒక చానెల్‌లో తెర కింద ‘ప్రయాణికుల ఇక్కట్లు’ అన్న మాటే పదేపదే కదిలింది తప్ప, లేఆఫ్‌కు (పని లేదని తాత్కాలికంగా కూర్చోబెట్టడానికి), తొలగింపుకు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన సంస్థల పరిమితిని 100 మంది కార్మికుల నుంచి 300 మందికి పెంచిన నిబంధన గురించి ఒక్క ముక్క రాలేదు. అదే రోజు కుర్రవాళ్ల ఫోన్లలో సమ్మెను వెక్కిరించే చిన్న వీడియోలు తిరిగాయి.

అయితే వారు నన్ను, “ప్రజాశక్తి, విశాలాంధ్ర కూడా కమ్యూనిస్టు పార్టీల పత్రికలే కదా, వాటిని మాత్రం ఎందుకు నమ్మాలి?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. తన పక్షం ఏదో బాహాటంగా చెప్పుకునే పత్రిక, తటస్థత పేరుతో యాజమాన్యాల మాట వినిపించే చానెల్ ఒకటి కావని నా గట్టి నమ్మకం, కానీ దాన్ని రుజువులతో చూపించాలి. పైగా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమానికి ‘ఈనాడు’ అండగా నిలిచిన చరిత్ర మా పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాదే. కనుక పెద్ద పత్రికలన్నింటినీ ఒకే గాటన కట్టలేను.

ఒకే రోజు వార్తను నాలుగు పత్రికలలో పక్కపక్కన పెట్టి, ఎవరి మాటలు ఉటంకించారో, ఏది వదిలేశారో పోల్చే పద్ధతిని మీలో ఎవరైనా యువకులతో చేయించారా? ఆ సారా ఉద్యమం నడిచిన 1992, 93 నాటి జిల్లా ఎడిషన్లు ఎక్కడ చూడవచ్చు? చట్టంలోని అసలు విషయం చెడకుండా నిమిషం వీడియోగా చెప్పడం ఎలాగో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.