పుట్టగొడుగుల జొన్న విత్తనానికి పచ్చబూజు: కుక్కర్ సరిపోతుందా?

మిర్యాలగూడ రైతు:
మా వైపు వరిగడ్డికి కొదవ లేనందున ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతూ, వాటి విత్తనాన్ని (గింజలపై పెంచే పుట్టగొడుగు బూజును) కూడా నేనే తయారుచేసుకుందామని ఉడికించిన జొన్నలను సీసాల్లో నింపి గంటసేపు మరిగే నీటి ఆవిరిలో పెట్టాను. అయినా ఐదో రోజుకు పచ్చబూజు కమ్మింది. కొన్ని సీసాల్లో గింజలు జిగురెక్కి పుల్లటి వాసన వచ్చింది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జడ్చర్ల ల్యాబ్ ఉద్యోగి:
ఆ జిగురు బ్యాక్టీరియా పని. మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు కనుక బాసిల్లస్ అనే బ్యాక్టీరియా జాతి సిద్ధబీజాలు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు) ఆ వేడిని తట్టుకొని, గింజ చల్లారాక మొలకెత్తుతాయి. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనంలో ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది; ఆ పీడనమిచ్చే కుక్కరైతే చాలు. అయితే లోపలి గాలంతా పోయి ఆవిరి ధారగా వచ్చేదాకా వెయిట్ పెట్టకండి. ద్రవాలకు 15 నిమిషాలు సరిపోయినా, గింజల నడుమకు వేడి చేరడానికి గంటన్నర పడుతుంది.

నల్లగొండ పెంపకందారు:
పచ్చబూజు మాత్రం తర్వాత గాలిలోంచి వచ్చి ఉంటుందండి. చల్లారిన జొన్నల సీసాల్లో పుట్టగొడుగు బూజు వేసేటప్పుడు ఫ్యాన్ ఆపి, చేతులను 70 శాతం స్పిరిట్‌తో తుడుచుకొని, దీపం మంట పక్కనే మూత తీయండి. నేనూ ఫ్యాన్ కిందే కూర్చొని ఒక విడత మొత్తం పారబోశాను.

మిర్యాలగూడ రైతు:
ధన్యవాదాలు. గడ్డిని కూడా కుక్కర్‌లోనే పెట్టాలా?

నల్లగొండ పెంపకందారు:
అక్కరలేదు. 80 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచి, నీరంతా వార్చి ఆరబెట్టండి. పిడికిట పిండితే చుక్క రాలకూడదు.